బండికి గుర్తున్న రెండో తాళం

"రెండోది కూడా తెస్తేనే చేస్తాను. లేకపోతే అది చచ్చినట్టే," అన్నాడు తాళాలాయన, డ్రైవరు సీటులో కూర్చుని. ఒళ్ళో లాప్‌టాప్, దానికి తగిలించిన వైరు రెండో కొస స్టీరింగ్ కింద ఉంది.

"చావడమేమిటి?" అంటూ కిటికీలోకి వంగాడు పొడుగాయన. ఎంత వంగినా ఆయన తల కారు పైకప్పుకి తగులుతూనే ఉంది. వీధిలో అందరికీ ఆయన పొడుగాయనే, అసలు పేరు ఎవరూ అడగలేదు.

"ఈ కారుకి ఇమ్మొబిలైజర్ ఉందండీ. తాళంలో చిన్న చిప్పు ఉంటుంది, దాన్ని గుర్తుపడితేనే ఇంజను స్టార్టవుతుంది. ఇదిగో, రెండు తాళాలు గుర్తున్నాయంటోంది. ఈ పాత మోడల్‌తో చిక్కేమిటంటే, కొత్తది నేర్పామా, పాతవన్నీ మర్చిపోతుంది. అన్నీ ఒక్కసారే తెచ్చి మళ్ళీ మొదటినుంచీ నేర్పాలి. తేనిది ఇక తలుపు తీయడానికే పనికొస్తుంది. బండి కదలదు."

"అయితే వద్దు," అన్నాడు పొడుగాయన వెంటనే.

"వద్దంటే ఎలాగండీ!" తాళాలాయన చేతిలోని తాళంచెవి ఎత్తి చూపించాడు. దాని తొడుగు పగిలి, రబ్బరు బ్యాండుతో బతుకుతోంది. "ఇది మూడుసార్లు తిప్పితేగానీ అందుకోవడం లేదు. ఇదీ పోయిందంటే బండిని లాక్కొచ్చి కంప్యూటరే మార్చాలి. అదెక్కడ దొరుకుతుంది ఇప్పుడు? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకండి. రెండోది ఎవరి దగ్గరుంది?"

"మా ఆవిడ దగ్గర."

"తెమ్మనండి మరి!"

పొడుగాయన నేలచూపులు చూశాడు. "ఆవిడతో మాట్లాడి నాలుగేళ్ళయిందండీ."

తాళాలాయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, తెలియక అన్నాను." మెల్లిగా అన్నాడు. "అలాంటప్పుడు అది చెరిగిపోతే నష్టమేముంది సార్? ఎవరు వాడాలి?"

"తిప్పితే స్టార్ట్ కాకపోతే ఏమనుకుంటుంది?" అన్నాడు పొడుగాయన. "నేనే కావాలని తీయించేశాననుకోదూ?"

ఇంకొకరైతే తాళాలాయన నవ్వేసేవాడే. ఆ ముఖం చూశాక నవ్వు రాలేదు. ఒంటరిగా ఉండి ఉండి మనిషి ఇలా అయిపోయాడు పాపం, అనుకున్నాడు.

"మా నాన్న పోయాక మా అమ్మ ఆయన చెప్పులు మూడేళ్ళు గుమ్మం దగ్గరే ఉంచిందండీ. రోజూ తుడిచేది," అన్నాడు.

పొడుగాయన రబ్బరు బ్యాండు చుట్టిన తాళంచెవికేసి చూశాడు.

"సరే, ఒక పని చేద్దాం. బండికి కొత్తగా ఏమీ నేర్పొద్దు. మీ తాళానికే నకలు తీస్తాను. ఇందులోని చిప్పు ఏం చెబుతుందో నకలు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే చెబుతుంది. బండి రెండూ ఒకటే అనుకుంటుంది, దేన్నీ మర్చిపోదు. ఆ రకం చిప్పు తెప్పించాలి. ఆదివారం నాకు తీరిక, తెచ్చేయండి."

"ఆదివారం కుదరదు. బండి ఇంటి ముందే ఉండాలి."

"ఎక్కడికైనా వెళ్తారా?"

"నేనెక్కడికీ వెళ్ళను. ఇదివరకు ఇద్దరం మా అత్తగారి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆవిడకి ఎనభై దాటాయి, ఊరికి దూరంగా వృద్ధుల హోములో ఉంటుంది. ఆదివారం అటు బస్సుల్లేవు." పొడుగాయన ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు వచ్చింది. "మా ఆవిడే నడిపేది. పొట్టి మనిషి. సీటు స్టీరింగ్‌కి అతికించినట్టు జరుపుకునేది. తర్వాత నేనెక్కితే మోకాళ్ళు టప్పున తగిలేవి. దిగేటప్పుడు వెనక్కి జరపొచ్చు కదా అని ఇరవై ఏళ్ళు పోట్లాడాను. ఒక్కనాడూ జరపలేదు, మహాతల్లి."

"అంతేనండీ. అప్పుడు చిరాకు, ఇప్పుడదే తీపి. శనివారం రండి."

శనివారం సాయంత్రం కొత్త తాళంచెవి తిప్పీ తిప్పగానే ఇంజను అందుకుంది. తాళాలాయన లాప్‌టాప్ ఇటు తిప్పాడు. "చూసుకోండి. రెండంటే రెండే. మీ ఆవిడ తాళం పదిలం." పొడుగాయన ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"పెట్రోలు ముల్లు అడుక్కొచ్చింది, చూశారా?"

"వెళ్తూ నింపిస్తాను. ప్రతి శనివారం ఫుల్ చేయిస్తాను."

"ప్రతి శనివారమా? ఆఫీసు నడిచిపోయేంత దూరమేనంటిరి! ఎక్కడో కారుతోందండీ, మెకానిక్‌కి చూపించండి."

"కారడం లేదు లెండి," అని పొడుగాయన సీటు చివరిదాకా వెనక్కి జరుపుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున్నే వీధివైపు కర్టెన్లు మూసి వెనకగదిలో కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఆయనతో మాట్లాడేది ప్రెషర్ కుక్కర్ ఒక్కటే, అదీ మూడు కూతలతో సరిపెడుతుంది. పేపరులో ఒకే పేజీ నాలుగుసార్లు చదివాడు. ఆ తాళాలాయన పొరపాటున ఏదైనా చెరిపేసి ఉంటే అన్న భయం రోజంతా వదల్లేదు. అయినా వీధివైపు తొంగిచూడలేదు. చీకటి పడ్డాక కర్టెన్ తీస్తే కారు ఎప్పటి చోటే ఉంది. అలా ఉన్నంత మాత్రాన ఏమీ తెలియదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

ఆఫీసుకి రోజూ నడిచే వెళ్తాడు, సోమవారం మాత్రం కారులో వెళ్తాడు. తెల్లవారగానే కొత్త తాళంచెవి పట్టుకుని బయటికొచ్చాడు. తలుపు తాళం తీశాడు. తల వంచి, కళ్ళు మూసుకుని లోపల కూర్చున్నాడు.

మోకాళ్ళు టప్పున స్టీరింగ్‌కి తగిలాయి.