అటకెక్కిన సామాను

"సాయంత్రానికి ఈ పాత సామానైనా అటకెక్కాలి, నేనైనా మా అక్క ఇంటికి పోవాలి. ఏదో ఒకటి తేల్చండి!" ఒంటికాలి మీద లేచింది ఇల్లాలు. ఆ గదిలో రెండో కాలు పెట్టడానికి చోటు లేదు.

ఇంటాయన ఏదీ పారేయడు. కుంటి మంచం, తలుపు లేని బీరువా, బీరువా లేని తలుపు. ఎవరు దేన్ని ముట్టుకున్నా ఒకటే మాట. "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది."

ఆమె పిలిపించిన వడ్రంగి నిచ్చెనెక్కి అటక చూసి దిగాడు.

"పైన ఉన్నవి ఉత్త దూలాలేనయ్యా. చెక్క పరిస్తే గాని సామాను నిలవదు. చెక్క తెప్పించండి."

"ఇంటినిండా చెక్క పెట్టుకుని బయటనుంచి తెప్పించడమేంటి?" అంది ఇల్లాలు, గోడకి ఆనించి ఉన్న తలుపు వైపు చూస్తూ.

ఇంటాయన తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "దాన్ని కోయిస్తావా?"

"ఎలాగూ పైకి పోయేదే కదండీ. నిలబెడితేనేం, పడుకోబెడితేనేం?"

ఆయన గడ్డం గోక్కుంటూ చాలాసేపు ఆలోచించాడు. పారేయడం లేదు. పైకే పోతోంది.

"సరే. రంపపు పొట్టు మాత్రం పారేయకు," అన్నాడు వడ్రంగితో.

తలుపు పోయింది. బీరువా పోయింది. మంచం మీద రంపం పెట్టినప్పుడు ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయనకే రుచి పట్టింది. పంచె ఎగగట్టి పైకెక్కాడు. వడ్రంగి కింద కోసి అందిస్తుంటే, పైన తనే పరిచి మేకులు దిగ్గొట్టాడు.

పొద్దు వాలేసరికి గది ఖాళీ. ఇల్లాలు చేతులు బారచాపి ఒక చుట్టు తిరిగింది. దేనికీ తగల్లేదు.

"గోడవారన మూరెడు సందు మిగిలింది. ఇంకో చెక్క ఇవ్వు!" పైనుంచి కేకేశాడు ఇంటాయన.

"అయిపోయాయయ్యా."

"ఆ నిచ్చెన ఉందిగా?"

వడ్రంగి ఇల్లాలి వంక చూశాడు. "నిచ్చెనాండీ?"

"పని అయిపోవచ్చింది. ఇక దాంతో ఏం పని? అదీ పాతదే," అన్నాడు పైనుంచి ఇంటాయన.

వడ్రంగి ఏదో అనబోయాడు.

"ఇచ్చేయి నాయనా. ఆయన సామాను, ఆయనిష్టం," అంది ఇల్లాలు.

నిచ్చెన ఆ సందులో కొలిచి చేసినట్టు కూర్చుంది. ఉన్న మేకులన్నీ దిగాయి. వడ్రంగి రంపం సంచిలో వేసుకుని, తల వంచుకుని వెళ్లిపోయాడు.

"చూశావా, ఒక్కటైనా పారేశానా?" అంటూ ఇంటాయన అటక అంచుకి జరిగి కాలు కిందికి జార్చాడు. కాలికి ఏదీ అందలేదు. అటూ ఇటూ ఊపి చూశాడు.

"ఏమే... మరి నేను దిగేదెలా?"

ఇల్లాలు ఖాళీ గది నడిమధ్య చాప పరుచుకుని, కాళ్లు రెండూ బారుగా చాపుకుంది.

"ఉండండి. ఎప్పటికైనా పనికొస్తారు."