కాయినాయన సైకిల్ యాత్ర

"దారిలో ఒక్క నోటు ముట్టుకున్నా, నా కాయిన్లన్నీ అమ్మి ఆ డబ్బు నీ చేతిలో పోస్తాను" అన్నాడు కాయినాయన, మూడో స్వెట్టరు మీద నాలుగోది తొడుక్కుంటూ.

"ముట్టుకోకుండా తిరిగొస్తే?" అంది భార్య.

"ఈ జన్మలో నువ్వు కాయిన్ మాటెత్తకూడదు."

"సరే."

ఆమె ఇంత తేలిగ్గా ఒప్పుకోవడం పంతొమ్మిదేళ్ల కాపురంలో అదే మొదలు. ఆయనకు అనుమానం రావాల్సింది. కానీ ఆ మంచుకొండల చలికి అనుమానాలు కూడా దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

కాయినాయన అన్న పేరు వీధివాళ్లు పెట్టింది. ఇంట్లో దాచిన సొమ్మంతా ఊడ్చి, 'గుర్రం కాయిన్' అనే కంటికి కనబడని క్రిప్టో నాణేల్లో పోశాడు. గుర్రం పరిగెత్తలేదు సరికదా, కాళ్లు ముడుచుకుని కూచుంది. భార్యకు వీధి చివర జిరాక్సు, ప్రింటింగ్ కొట్టుంది. మిషను ముసలిదై కాగితాలు నములుతోంది. కాయిన్లు అమ్మి కొత్త మిషను కొందామని ఆవిడ. కాయిన్‌ను కాయగా ఉన్నప్పుడే కోయకూడదు, పండనివ్వాలని ఈయన.

"మీ గుర్రాన్ని చూపిస్తే చుక్క టీ కూడా ఎవరూ పొయ్యరు" అందామె. అదీ పందెం. పది రోజులు, ఎనిమిది వందల కిలోమీటర్లు, సైకిలు మీద గుండ్రంగా తిరిగి ఇంటికే రావాలి. తిండి, బస, రిపేరు అన్నీ కాయిన్లతోనే.

ఎక్కడెక్కడ ఆగాలో పట్టీ రాసి, ఆమె కొట్లోనే ప్రింటు తీయించుకున్నాడు. మిషను రెండు కాపీలు నమిలి మూడోది ఉమ్మింది. బయల్దేరాడు.

మొదటి టీ కొట్టు దగ్గర సైకిలు దిగాడు. "అమ్మా, నా దగ్గర నోట్లు లేవు. గుర్రం కాయిన్ తీసుకుంటారా?"

టీ కొట్టామె కళ్లు కూడా ఎత్తలేదు. గాజు బీరువాకు అంటించిన నలుపు తెలుపు గడుల క్యూఆర్ బొమ్మ చూపించింది. "దానికి కొట్టండి. మూడు."

మూడు కాయిన్లంటే రెండు పూటల భోజనం! కానీ ఫోనులో లైవ్ నడుస్తోంది. పదకొండు మంది చూస్తున్నారు. అందులో ఇద్దరు తోడల్లుళ్లు. ఇప్పుడు బేరమాడితే గుర్రం పరువు గాడిద పాలవుతుంది.

"చూశారా! లోకం మారింది!" అని అరిచి టీ తాగాడు. అల్లం లేదు. ఆయనకు అల్లం పడదు. ఆహా, ఏం రోజు, అనుకున్నాడు.

లైవ్‌లో ఆయన రోజూ చెప్పే పాఠం ఒకటుంది. కాయిన్ పంపేముందు, అది ఎవరి ఫోను వాలెట్‌కు చేరుతుందో ఆ చిరునామాలో చివరి నాలుగు అక్షరాలు సరిచూసుకోవాలి. పాఠం మంచిదే. కానీ కళ్లద్దాలకు ఆవిరి పట్టేది. గ్లౌజు తీస్తే వేళ్లు కర్రముక్కలయ్యేవి. అందుకని టక్కున ఫోను పెట్టి, టిక్కున నొక్కి, మళ్లీ గ్లౌజులో దూరేవాడు.

మూడో రోజు మెకానిక్ దగ్గర ఆగాడు.

"ఏంటి సార్, చెయిన్ ఇంత నల్లగా ఉంది?"

"బ్లాక్‌చెయిన్ అంటే అదేనయ్యా!"

మెకానిక్ నవ్వలేదు. "నలభై కాయిన్లు" అన్నాడు. అప్పుడు ఈయనా నవ్వలేదు. గోడ మీద గడుల బొమ్మ. టక్కు. టిక్కు.

ఐదో రోజు లాడ్జిలో అడక్కుండానే వేణ్ణీళ్లు సిద్ధం. మేనేజరు తాళంచెవి ఇస్తూ, "మాత్ర వేసుకుని పడుకోండి సార్" అన్నాడు. కాయిన్లోళ్లంతా ఒక కుటుంబమని లైవ్‌లో కళ్లొత్తుకున్నాడు. గదికి నూట ఇరవై కాయిన్లు. మళ్లీ ఒత్తుకున్నాడు.

రోజూ పొద్దున్నే ఏదో ఒక బస్సు ఆయన్ని దాటుతూ ముఖాన బురదమంచు కొట్టి పోయేది. వెనక కిటికీలోంచి ఆకుపచ్చ మంకీ టోపీ ఒకటి చెయ్యి ఊపేది. రోజుకో ఊరు, అదే టోపీ. అభిమానమంటే అదీ, అని ఈయనా ఊపేవాడు.

సాయంత్రం భార్యకు ఫోను.

"ఇవాళ కూడా నోటు ముట్టలేదు."

"ముట్టకండి."

"ఏంటా హారన్లు?"

"బయటి ఆర్డరు తగిలిందండీ. రోజూ ఒకటే తిరుగుడు."

"చలి జాగ్రత్త."

"మీరూ."

"నేను చలికి చలించే రకం కాదు" అని తుమ్మాడు.

తొమ్మిదో రోజు టైరు పంక్చరైంది, పట్టీలో లేని ఊళ్లో. అక్కడి పంక్చరాయన ఫోనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "గుర్రమా? నాకు గడ్డి కూడా అక్కర్లేదు. నోటుందా?"

పక్కనున్న పెద్దాయన జాలిపడి జేబులోంచి నోటు తీశాడు. "తీసుకో నాయనా, ఎవరికి తెలుస్తుంది?"

కాయినాయన చెయ్యి చాచాడు. వెనక్కి తీసుకున్నాడు. పట్టీలోని తరవాతి మెకానిక్ దాకా పదకొండు కిలోమీటర్లు, మోకాలి లోతు మంచులో, మనిషిని మొయ్యాల్సిన సైకిల్ని మనిషే మోసుకెళ్లాడు. అక్కడ మాత్రం గోడ మీద గడుల బొమ్మ చల్లగా చూస్తోంది. మిగిలిన కాయిన్లన్నీ దానికే పోశాడు.

పదో రోజు ఖాళీ కడుపుతో తొక్కి, సాయంత్రానికి కొట్టు ముందు దిగాడు. లోపల పాత మిషను లేదు. బీరువా అంత కొత్తది మెరుస్తోంది.

"ఇదెక్కడిదీ?"

"బయటి ఆర్డరు బాగా కలిసొచ్చింది."

"సరే, ముందిది విను. గెలిచాను!"

"గెలిచారు. ఇక కాయిన్ మాటెత్తను. ఒక్కటి చెప్పండి, ఎన్ని మిగిలాయి?"

ఫోను చూసుకున్నాడు. గుర్రం లేదు. లద్దె కూడా లేదు. "సున్నా. అయితేనేం? లోకం ఒప్పుకుంది!"

"ఒప్పుకుంది" అంటూ అల్లం లేని టీ అందించింది.

ఆయన కళ్లు మూసుకుని మొదటి గుక్క చప్పరిస్తుంటే, ఆమె తన ఆకుపచ్చ మంకీ టోపీని కొక్కేనికి తగిలించి, ఆయన ఆగే ప్రతి కొట్లోనూ ఆయనకంటే ముందే వెళ్లి, అసలు ఖర్చు నోట్లలో కట్టి అంటించగా మిగిలిన తన సొంత వాలెట్ గడుల బొమ్మల్ని చెత్తబుట్టలో పడేసింది.