రెక్క లేని ఇంజిను

బ్రిస్బేన్‌లో యూనివర్సిటీ రెండో ఏడు. మా చిన్న పడవకి కొత్త ఇంజిను కొనడానికి నేనూ, రూమ్మేటు మెల్వినూ కొట్టుకి వెళ్ళాం.

నాకు ఔట్‌బోర్డే కావాలి. పడవ వెనక తగిలిస్తే చాలు, నీళ్ళలో రెక్క తిప్పుకుంటూ దూసుకుపోతుంది. మెల్విన్ మాత్రం జెట్ ఇంజిను దగ్గర పాతుకుపోయాడు.

“ఒరేయ్, అది పెట్రోలు తాగుబోతురా. కాస్త నాచు తగిలితే దగ్గుతుంది,” అన్నాను.

“దానికి బయట రెక్క ఉండదు.”

“అయితే?”

“డిస్కషన్ లేదు మావా. జెట్ కాకపోతే బోట్ అమ్మేద్దాం. నేనింక స్టీరింగ్ ముట్టుకోను.”

వాడి చూపు నా చంకలో కర్ర మీద ఉంది. కిందటి డిసెంబరు సెలవుల్లో నేను నీళ్ళలో ఉండగా వాడు పడవని ముందుకు పోనిచ్చాడు. రెక్క నా ఎడమ పాదాన్ని పట్టుకుపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. వాడికి మాత్రం ఆనాటి నుంచి నిద్ర లేదు.

“నువ్వు జారిపడ్డం నేను చూసుకోవాల్సిందిరా,” అన్నాడు.

“సరే, జెట్టే తీసుకో,” అన్నాను.

ఇరవై ఏళ్ళయింది, వాడికి ఇంకా చెప్పలేదు. నేను జారిపడలేదు. వాణ్ణి హడలగొడదామని చప్పుడు కాకుండా దిగి, పడవ కింద దాక్కున్నాను.