బాగున్న కన్ను

మా ఆయన కుడి కంటికి ఇంజెక్షన్ వేయాలంటే బీమా వాళ్ళు ఒప్పుకోలేదు. షుగర్ వల్ల కళ్ళకు ఏ హానీ జరగలేదని ఆసుపత్రి రికార్డులోనే ఉందట.

ఆయన్ని వెంటబెట్టుకుని రికార్డుల గదికి వెళ్ళాను. బీమా కోసం జబ్బులకు కోడ్‌లు వేసే అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

“డాక్టర్ గారు రాసినదానికే నేను కోడ్ వేస్తానమ్మా. సొంతంగా కల్పించలేను కదా.”

“పాత రిపోర్టే మళ్ళీ అంటించారేమో చూడు తల్లీ.”

“అదేం మాటండీ? రెండు కళ్ళూ పరీక్షించారు. ఎడమ కంట్లో రక్తనాళాలు కూడా బాగున్నాయని వచ్చిన ప్రతిసారీ రాశారు.”

“ఎడమ కంట్లోనా?”

“అవునండీ.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఏమండీ, ఆ బాగున్న కన్ను ఈ అమ్మాయికి ఒకసారి చూపించండి” అన్నాను.

“ఊరుకోవే” అని గొణిగారు గానీ, నా ముఖం చూసి, చిన్నప్పటి నుంచీ పెట్టుకుంటున్న గాజు కన్ను తీసి బల్ల మీద పెట్టారు.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. “డాక్టర్ గారితో ఇప్పుడే మార్పిస్తానమ్మా. అది తీసేయండి.”

“తీసుకోండి” అన్నాను ఆయనతో, గెలిచినదానిలా.

ఆయన చెయ్యి బల్లంతా తడిమింది. కీబోర్డుకు తగిలింది, స్టేప్లరుకు తగిలింది. కన్ను ఆయన ఎదురుగానే ఉంది.

మా ఇంట్లో ఏ వస్తువైనా నేను పెట్టిన చోటే ఉంటుంది. ఆయన ఎన్నడూ తడుముకోలేదు. మసకగా ఉందంటే మసకే అనుకున్నాను.

ఆ అమ్మాయి కన్ను అందివ్వబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఉండు. అది ఎడమ కన్ను. ఇప్పుడు కుడి కన్ను చూడు.”