తుప్పల జాగ

కోడెదూడ చెవి లోపల ఆముదపు గింజల్లా పిడుదులు వేలాడుతున్నాయి.

మనవరాలి ప్రాణం దక్కితే కోడెను సమర్పిస్తానని వేములవాడ రాజన్నకు మొక్కుకున్నది ముత్తవ్వ. పిల్ల దక్కింది. కోడె మాత్రం మూడు దినాలుగా గడ్డి ముట్టడం లేదు. ఒళ్లు పెనంలా కాగుతున్నది.

"మందు కొట్టిన వారానికే మళ్ల ఎక్కుతున్నయంటే, ఈ పిడుదులు నీ కొట్టంల పుడ్తలేవవ్వా," అన్నది సూది వేసి లేచిన పశువుల డాక్టరు సంగీత. "నీడ, తడి ఉన్నకాడ పెరుగుతయి. తెల్లబట్ట నేలమీద గుంజి సూడు, ఉన్నకాడ దానికి అంటుకుంటయి."

కొట్టాన్ని ఆనుకొని చంద్రమౌళి పటేలు ఖాళీ జాగ. పదేళ్లుగా అక్కడ కొడవలి పడలేదు. తుప్పలుంటే ఎవడూ ఆక్రమించడని ఆయన ధీమా.

ముత్తవ్వ పాత పంచె ఒకటి తీసి, ఎండ పారే తన వాకిట ఈడ్చింది. దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.

తుప్పల అంచున పదడుగులు ఈడ్చింది.

బట్ట నల్లబడింది. ఆ నలుపు కదిలింది.

దానిని మూటగట్టి, నేరుగా పటేలు ఇంటికి పోయింది.

మంచం మీద కూర్చుని ఫోను చూస్తున్న ఆయన తల ఎత్తలేదు. "మొక్కు ఆలిస్యం జేసినవ్ ముత్తవ్వా. గది రాజన్న కోపం."

"రాజన్నను నడుమ తేకు పటేలా!" మూట విప్పి ఆయన పాదాల ముందు పరిచింది. "సూడు. నీ జాగల పంట మంచిగనే అచ్చింది."

పటేలు రెండు కాళ్లూ మంచం మీదికి లాక్కున్నాడు. "ఓయ్! అవుతల దులుపు!"

"యాడ దులపాలె? నా కోడె మీదనా? నువ్వు మంచమెక్కితివి. దాన్ని పలుపేసి కట్టిన, గది ఏడికురుకుతది?"

"తుప్పలు కొట్టిస్త తియ్. దసరా దాటనియ్."

క్రోధం పాపమని పురాణాల్లో విన్న చెవులే ఆమెవి. ఆ పూట అవి పనిచేయలేదు.

ఇంటికి వచ్చి కొడవలి అందుకుని, ఎవరినీ అడగక తుప్పల్లోకి దిగింది. వయ్యారిభామ మొక్కలను కోసింది. ముళ్లతీగలను నరికింది. మోచేతులు చీరుకుపోయాయి.

పటేలు బాట మీద నిలబడి "నా జాగ, నా జాగ" అని అరిచాడే గాని, లోపల అడుగు పెట్టలేదు.

పొద్దు వాలేలోగా సగం నేలకు ఎండ తగిలింది.

అప్పుడు ముత్తవ్వ కూతురు శ్రావణి అంచుదాకా వచ్చి ఆగింది. చేతిలో కోడె మెడనుంచి విప్పిన తాడు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ముత్తవ్వ ఆ తాడు వంక చూసింది. మళ్లీ కొడవలి ఎత్తింది.

"లోపటికి రాకు బిడ్డా. కాళ్లకెక్కుతయి."