బండి వేరు, ఇల్లు వేరు

పిస్తోలు పిడితో కొట్టిన దెబ్బకి వెండెల్ ప్రూయిట్ కళ్లజోడు పగిలింది. రక్తం ముక్కు మీదుగా తెల్లగడ్డంలోకి కారింది.

“తుపాకులెందుకు బాబూ! ఇద్దరికిద్దరూ తుపాకులు పట్టుకొచ్చారే!” అని గొంతు చించుకుని అరిచాడు ముసలాయన.

“మెల్లగా ఏడువు. మాకేం చెవుడు లేదు,” అన్నాడు డూలీ. ఇద్దరిలో పెద్దవాడు వాడే. “తాళాలియ్యి.”

అమెరికాలోని కొలరాడోలో కనుమ దిగే ముందు బళ్లు ఆపి బ్రేకులు చూసుకునే జాగా అది. ఆ మధ్యాహ్నం అక్కడ ఆగింది వెండెల్ పికప్ ట్రక్కు, దానికి తగిలించిన ట్రైలర్ ఇల్లు. పొగలు కక్కుతూ చచ్చిన కారు పక్కన డూలీ, కిప్ అప్పటికే కాచుకుని ఉన్నారు. పొద్దున నగల దుకాణం దోచి, కాపలావాణ్ణి కాల్చి వచ్చిన ఘనులు.

“అన్నా, ట్రైలర్‌తో సహా లాక్కుపోదాం,” అన్నాడు కిప్. “పిల్లాపాపలతో షికారుకెళ్తున్నామనుకుంటారు. ఏ పోలీసోడూ ఆపడు.”

“ట్రక్కు తీసుకెళ్లండి బాబూ. ట్రైలర్ మాత్రం వదిలెయ్యండి,” అన్నాడు వెండెల్.

వెండెల్‌కి బరువుల పిచ్చి. ఏ క్యాంపులో దిగినా, ఇల్లూ బండీ ఒకటే అయిన మోటర్‌హోమ్ కొందామా ట్రైలర్ కొందామా అని ఎవరైనా అతని ముందు నోరు జారితే వాళ్ల భోజనం చల్లారిపోవాల్సిందే. మోటర్‌హోమ్‌లో మంచం మీంచి లేచి నేరుగా స్టీరింగ్ దగ్గరికి నడిచిపోవచ్చు, నిజమే, కానీ పాలు తేవాలన్నా ఇల్లంతా ఊళ్లోకి ఈడ్చుకుపోవాలి, ట్రైలరైతే ఇంటిని ఒకచోట దించి బండి మీద తిరగొచ్చు అంటాడు. ప్రకటనల్లో రాసే లాగుడు బలం నమ్మొద్దంటాడు. డ్రైవర్ తలుపు చట్రానికి అంటించిన కాగితం మీద ఎంత మోస్తుందో చూసుకోమంటాడు. జనం అతన్ని దూరం నుంచి చూసే పక్కదారి పట్టేవారు. ఇప్పుడు పిస్తోలు ముందు కూడా అదే పురాణం.

“ఈ ట్రక్కుకి ఆ ట్రైలర్ చాలా ఎక్కువ బాబూ. దిగుడులో వెనకనుంచి తోసేస్తుంది.”

తన ట్రక్కు తక్కువదని వెండెల్ నోటితో ఒప్పుకోవడం అదే మొదటిసారి. డూలీకి అదేం తెలుసు! డొక్కలో తన్నాడు. ముసలాయన కంకర మీద బోర్లాపడ్డాడు.

“లోపలేముందో చూసిరా,” అన్నాడు డూలీ.

కిప్ ట్రైలర్ తలుపు తీసి లోపలికి వెళ్లాడు. అంతసేపూ వాగిన వెండెల్ నోరు టక్కున మూతపడింది. ఊపిరి కూడా తీసుకుంటున్నట్టు లేడు. కాసేపటికి కిప్ పందిమాంసం ముక్కలు నములుతూ బయటికొచ్చాడు.

“మంచం మెత్తగా ఉందన్నా. ఫ్రిజ్ నిండా తిండే. తీసుకుపోవాల్సిందే.”

వెండెల్ పాక్కుంటూ వెళ్లి డూలీ కాళ్లు పట్టుకున్నాడు. డూలీ ఆ చేతిని బూటు కింద వేసి తొక్కాడు. వేళ్లు పుటుక్కుమన్నాయి. ముసలాయన కేక పెట్టాడు, కానీ మాట ఆపలేదు.

“బ్రేకులు మాడి పొగలొస్తే కింద పోలీసులే మీకెదురొస్తారు. పక్కగాలి కొడితే ట్రైలర్ ఊగిపోతుంది. ఊగితే ఏం చెయ్యాలో మీలో ఎవరికి తెలుసు? పారిపోయేవాళ్లు మీరు! ఇల్లు మెడకి కట్టుకుని పరిగెడతారా?”

డూలీ ఆలోచనలో పడ్డాడు. కిప్ వైపు తిరిగాడు.

“ఎప్పుడైనా ఏమైనా లాగావురా నువ్వు?”

“పడవ లాగానన్నా. చిన్నదే.”

“తీసుకెళ్లి చెరువులో పడేసుంటావు.”

“ఒక్కసారేలే అన్నా.”

డూలీ ఉమ్మేశాడు. “విప్పు ముసలోడా. తొందరగా!”

వెండెల్ ఒంటిచేత్తో మొదలుపెట్టాడు. ముందు ట్రైలర్ చక్రాల కింద చెక్కలు బిగించాడు. జాకీ దించాడు. వైరు పీకి, గొలుసులు తప్పించాడు. నెత్తురు కళ్లలో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, ప్రతి చెక్కనీ రెండోసారి తట్టి చూశాడు.

“పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నాడన్నా,” అన్నాడు కిప్.

డూలీ ట్రక్కెక్కి ముందుకి కదిలించాడు. కొక్కెం ఊడింది. ట్రైలర్ నిలబడింది. కిప్‌కి మాత్రం కడుపుమంట తీరలేదు. చెక్కల్ని ఒక్కొక్కటే కాలితో తన్ని ఎగరేశాడు.

“లోయలో పడితే చప్పుడెలా ఉంటుందో విందాం!”

ట్రైలర్ వాలులో మెల్లగా లోయ అంచువైపు జరిగింది. వెండెల్ ఎలా లేచాడో, ఎలా దూకాడో! తన కాలు తీసుకెళ్లి చక్రం కింద పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు కిప్‌కి స్పష్టంగా వినిపించింది. చక్రం ఆగింది.

కిప్ పడీపడీ నవ్వాడు. “రేకు డబ్బా కోసం కాలు పోగొట్టుకున్నాడన్నా! పిచ్చి నా కొడుకు!”

“వీడి మీద గుండు కూడా దండగే. ఎక్కు,” అన్నాడు డూలీ.

ట్రక్కు దుమ్ము లేపుకుంటూ మలుపు తిరిగిపోయింది.

వెండెల్ చెయ్యి చాచి ఒక చెక్కని లాక్కున్నాడు. చక్రం కింద దూర్చి రాయితో బాదాడు. కాలు ఎలా బయటికి పీక్కున్నాడో అతనికే తెలీదు. బూటు అక్కడే ఉండిపోయింది. ట్రైలర్ మెట్టు మీద, లోపలి నేల మీద నెత్తుటి చార వదులుతూ మంచం దాకా డేకాడు.

పరుపుతో సహా మంచం పలకని భుజంతో పైకెత్తి, కింది సామాన్ల అరలో ముడుచుకుని రెండు చేతులతో నోరు నొక్కుకుని ఉన్న తొమ్మిదేళ్ల మనవరాలితో, “వెళ్లిపోయారు తల్లీ, ఇంక ఏడవచ్చు,” అన్నాడు.