పొగాకు బ్యారన్ వాసన

మంగ గ్లాసు తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుంది.

"పొగాకు బ్యారన్, సార్. ఆకు ఎండాక ఆ కొట్టం తలుపు తీస్తే గుప్పున కొడుతుందే, ఆ వాసన."

బర్ దుబాయ్‌లోని ఆ హోటల్లో వైన్ విభాగానికి ఆదిశేషే పెద్ద. పెదవి విరిచాడు.

"స్పెయిన్ నుంచి వచ్చిన రియోహా వైన్‌లో మీ ఊరి బ్యారనా? స్మోకీ టొబాకో అనాలి. రాసుకో."

రాసుకుంది.

గురువారం పరీక్ష. ఐదు స్పానిష్ వైన్‌ల రుచీ వాసనా సరిగా వర్ణిస్తే ఆమెకు అజ్మాన్‌లోని వాళ్ల ఇంకో హోటల్‌కి బదిలీ. అజ్మాన్‌లో ఆమె మొగుడు ప్రభుదాస్ ఉన్నాడు. పెళ్లయి నాలుగు నెలలే. ఇద్దరూ ఉండేది వేర్వేరు పనివాళ్ల క్యాంపుల్లో. ఆదివారం ఒక పూట బస్టాండులో కలుస్తారు. ఇద్దరికీ కలిపి ఒకే కరక్ చాయ్. మొదటి గుక్క ఎవరిదన్నదే వాళ్లకున్న ఏకైక తగువు.

ఆదిశేషు పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు ఆమె చెప్పాలి, తర్వాత ఆయన దిద్దాలి. తెల్ల వైన్‌లో నిమ్మతొక్క, ఉప్పుగాలి అంది. సిట్రస్, సెలైన్ అని దిద్ది, ఇదేం పల్లెటూరి నోరన్నాడు. ఎర్రదానిలో కొత్త చెప్పుల వాసన అంది. లెదర్ అని దిద్ది, చెప్పుల సంగతి అతిథుల ముందు ఎత్తొద్దన్నాడు.

ఒక సీసా తెరవగానే, ఇది పాడైంది సార్, తడిసిన అట్టపెట్టె వాసన అంది. ఆయన గ్లాసు చాలాసేపు ఊపాడు.

"నాకెప్పుడో తెలుసు. నువ్వు చెబుతావో లేదోనని చూశా."

ఆ సాయంత్రమే స్పెయిన్ వ్యాపారుల ముందు ఆ సీసాను వాసన చూసి, మొహం చిట్లించి, వెనక్కి పంపేశాడు. వాళ్లు చప్పట్లు కొట్టారు.

గురువారం ఐదు గ్లాసులనూ మంగ ఆయన దిద్దిన మాటల్లోనే తడబడకుండా చెప్పింది.

"మొదటిదాన్లో ఇంకేముంది?" అన్నాడు.

"ఎండు అత్తిపండు, సార్."

అది కూడా తన డైరీలో రాసుకుని మూసేశాడు.

"మాటలు బట్టీపట్టావు అమ్మాయ్. నీకు ముక్కు లేదు. ఇంకో ఏడాది నా పక్కనే ఉండి నేర్చుకో. ఖలాస్."

మంగ సరే సార్ అని గ్లాసులు ఎత్తుకుంది. ఆ ఆదివారం ప్రభుదాస్ తగువు పెట్టుకోలేదు. చాయ్ మొత్తం ఆమెకే ఇచ్చేశాడు.

ఆమె ముక్కుకి సున్నా వేసిన ఆదిశేషుకి, కరోనా వచ్చి తగ్గిన రోజు నుంచి కాఫీకీ ఫినాయిల్‌కీ తేడా తెలియదు.